మల్లెమొగ్గల బొమ్మ కింది చీటీ

1963 ఫిబ్రవరి, రెండో సోమవారం. అనంతపురం రైల్వే స్టేషను. ఉన్నవారు: నేను, డ్రాయింగు మాస్టరు వెంకోబరావు, బొమ్మలకు చట్రాలు కట్టిన వడ్రంగి ఇమాం సాబు. సామాను: గోనెపట్టాల్లో చుట్టిన బొమ్మలు, నా ఇత్తడి సూక్ష్మదర్శిని, మేకుల డబ్బా, మంచినీళ్ళ కూజా.

ఆ రోజు డైరీలో రాసుకున్నది ఇంతే. మిగతాది ఇంటికి తిరిగి వచ్చాక, అటువైపు వెళ్ళనివారి కోసం రాస్తున్నాను.

హైస్కూల్లో ప్రకృతిశాస్త్రం చెప్పి రిటైరయ్యాను. ఉల్లిపొరలో ఇటుకలు పేర్చినట్టుండే కణాలను చూడాలంటే పిల్లలు వరుసలో నిలబడి, ఒక కన్ను మూసుకుని, ఒక్కొక్కరే చూడాలి. బడికి రానివాళ్ళకు ఆ భాగ్యమూ లేదు. వాటిని తలుపు రెక్కంత పెద్దవిగా గీసి ఊరూరా గోడలకు పెడదామన్నది వెంకోబరావు ఆలోచన. ఏడాదిపాటు ప్రతి ఆదివారం మా ఇంటికొచ్చి, సూక్ష్మదర్శినిలో చూసి బొమ్మలు వేశాడు. వాటి కింద చీటీలు రాయడం నా పని.

ఆ చీటీల దగ్గరే మా ఇద్దరికీ పడేది కాదు. "ముందు చూడనీండి సార్. పేరు చదివినోడు మళ్ళీ బొమ్మ వైపు చూడడు" అనేవాడు అతను. పేరు తెలియకపోతే చూసినదాంతో ఏం చేసుకుంటారని నేను. చివరికి చీటీలు ఉండాలని, అక్షరాలు మాత్రం చిన్నవిగా ఉండాలని ఒప్పందానికి వచ్చాము.

హిందూపురం

ఊరు చేరకముందే ఊరి వాసన రైల్లోకి వచ్చింది. చింతపండు, బెల్లం, ఎండుమిరప. స్టేషను బయట జట్కా అతను కన్నడంలో పిలిచి, తెలుగులో బేరమాడి, మళ్ళీ కన్నడంలో విసుక్కున్నాడు. హోటల్లో ఇడ్లీ ధర ముందే అడిగానని వడ్డించే ముసలాయన నవ్వాడు. "దుడ్లు యాడికి పోతాయి సామీ, తిని చెప్పండి" అన్నాడు. మా నంద్యాల వైపు ధర అడగకుండా తింటే అమాయకుడంటారు. ఇక్కడ అడిగితే అమాయకుడని తెలిసింది. ఇడ్లీ పది పైసలే, అరచేయంత ఉంది.

ఒక మండీ వ్యాపారి ఖాళీగా ఉన్న బెల్లం గోదాము ఇచ్చాడు. గోడలు జిగటగా ఉన్నాయి. మంగళవారం పొద్దున ఇమాం సాబు నాలుగు బొమ్మలు తగిలించేసరికి, మొదటి బొమ్మ మీదికి చీమలు బారు కట్టాయి. "మన మొదటి ప్రేక్షకులు సార్, టికెట్టు లేకుండా వచ్చేసినారు" అంటూ పసుపునీళ్ళు తెచ్చి గోడ అంచున చల్లాడు.

చీమల పని ముగియకముందే ఇద్దరు వచ్చారు. భుజాన నల్ల కంబళి వేసుకున్న పొడగరి మనిషి, వెనక పద్దెనిమిదేళ్ళ అమ్మాయి. ఆయన పేరు రంగప్ప. అగళి దగ్గర పల్లె. మల్బరీ ఆకు పెంచి పట్టుపురుగులు మేపుతాడు. అమ్మాయి కూతురు సాకమ్మ.

"మల్లెమొగ్గల బొమ్మ యాడుండాది సామీ?" అన్నాడు వస్తూనే. "ధర్మవరం ఓబులేసు నా బిడ్డ పెండ్లిచీర నేస్తాండాడు. యా ఊర్లోనూ లేని బుట్టా పువ్వు అంట. ఆ మొగ్గల బొమ్మ గీసిన అయ్యవారు హిందూపురం వస్తాండాడు, పోయి చూడుపో అన్యాడు."

వెంకోబరావు చేతిలోని మేకు కింద పడింది. వంగి తీసుకుని, తల ఎత్తకుండానే, "దాని అద్దం రైల్లో పగిలింది, గోడకు పెట్టలేదు" అన్నాడు.

ఏ అద్దమూ పగలలేదు. పొద్దున మూట విప్పినప్పుడు ఒక్కొక్కటీ నేనే తుడిచాను. కొత్తవాళ్ళ ముందు తోటివాడిని అబద్ధాలకోరును చేయడం ఇష్టం లేక ఊరుకున్నాను.

"పోనీలే, బేస్తవారం ధర్మవరంలో చూస్తాం" అన్నాడు రంగప్ప. ఆ రోజు ఓబులేసు దగ్గర చీర తీసుకుని, మరునాడు పెళ్ళికొడుకు ఊరికి పోతారట. వాళ్ళలో పెళ్ళి మగపెళ్ళివారింట్లోనే. పెళ్ళికొడుకు వాళ్ళు కొత్తగా బావి తవ్వి మల్బరీ పెట్టారు. ఇంతవరకు ఒక్క పంటా తీయలేదు.

"వాళ్ళ తొలిపంటకు విత్తనం మాదే" అంది సాకమ్మ. 

రంగప్ప వివరించాడు. విత్తనమంటే పట్టుపురుగు గుడ్లే. వాళ్ళ వంశంలో ఆడపిల్లను అత్తగారింటికి పంపేటప్పుడు చీరతోపాటు గుడ్ల కాగితం పెట్టి పంపుతారు. గూడు చీల్చుకుని వచ్చే తెల్ల రెక్కల పురుగును చిలుక అంటారు. ఆ తల్లిచిలుక కాగితం మీద గుడ్లు పెట్టి చచ్చిపోతుంది. ఇతరులు దాన్ని ఊడ్చి పారేస్తారు. వీళ్ళు పారేయరు. కాగితం అంచులు మడిచి, అందులో ఏ గుడ్లు పెట్టిన తల్లిని ఆ గుడ్ల పక్కనే ఉంచుతారు.

"తల్లిని బిడ్డల నుంచి ఇడదీస్తే పంట నిలవదు సామీ. మా అవ్వ కాలం నుంచీ ఇదే విత్తనం మాది."

"ఈసారి పంట ఎట్లా వచ్చింది?" అని అడిగాను.

"వచ్చింది. పురుగు మాత్రం ఒక తీరుగా పెరగలేదు. కొన్ని లావు, కొన్ని సన్నం. ఆకు సరిగా లేక అనుకుంటాం."

ఆ మాట నాకు నచ్చలేదు. 

వాళ్ళు వెళ్ళాక ఇమాం సాబుతో ఆ బొమ్మ తగిలింపజేశాను. నల్లటి నేల మీద గుండ్రటి గుంపులు గుంపులుగా కోలగా మెరిసే గింజలు. దూరం నుంచి చూస్తే చీకట్లో మల్లెమొగ్గలు కుప్ప పోసినట్టే ఉంటుంది. మా బొమ్మల్లోకెల్లా అందమైనది. దాని కింద నా చీటీ: 'గంటు రోగం సోకిన పట్టుపురుగు పేగు. మొగ్గల వలె కనబడునవి రోగబీజములు. ఇవి తల్లి నుండి గుడ్డుకు సంక్రమించును. తల్లిచిలుకను పరీక్షించిన విత్తనమే కొనవలెను.'

హిందూపురానికి మేము ముఖ్యంగా వచ్చింది దాని కోసమే. మధ్యాహ్నం పట్టుగూళ్ళ సంతకు వచ్చినవాళ్ళు గోదాములోకి వచ్చారు. ఎవరో చీటీ పైకి చదవగానే ముందున్న ముసలాయన గబుక్కున వెనక్కి జరిగి, బయటికి పోయి ఉమ్మేసి వచ్చాడు.

"ఆ పేరు మేం ఇంట్లో పలకం సామీ. పురుగుల తట్టల కాడ అసలే పలకం. దాని బొమ్మ గీసి గోడకు పెట్టినారే, మీకేమన్నా బుద్ధి ఉండాదా?"

"ఇంత చక్కగా ఉంటాదా అది?" అన్నాడు ఇంకొకాయన, ఆశ్చర్యంగా. ముసలాయన అతని చెయ్యి పట్టుకుని లాక్కుపోయాడు.

రైల్లో

బుధవారం పొద్దున పెనుకొండ బండి ఎక్కాక వెంకోబరావును సూటిగా అడిగాను. అతను కిటికీ బయటి రాళ్ళగుట్టలు చూస్తూ చెప్పాడు.

ఓబులేసు, అతను ధర్మవరంలో ఒకే బడిలో చదువుకున్నారు. పోయిన ఉగాదికి ఊరికి వెళ్ళినప్పుడు ఓబులేసు దిగులుగా ఉన్నాడు. మామిడిపిందె, హంస, రుద్రాక్ష, అందరి మగ్గాల మీదా అవే. కొనేవాళ్ళు కొత్తది అడుగుతున్నారు. వెంకోబరావు తన సంచిలోంచి ఈ బొమ్మ నకలు తీసి ఇచ్చాడు.

"పేరు చెప్పలేదా?"

"వాడు అడగలేదు సార్. మొగ్గలా అన్నాడు. అనుకో అన్నాను. వాడి మొహం అట్లా వెలగడం చూసి ఎన్నేళ్ళయిందో. అది ఎవరు కట్టుకుంటారో నాకేం తెలుసు? పురుగు మేపేవాళ్ళ ఇంటి పెళ్ళికూతురే కట్టుకుంటుందని కలగన్నానా?"

"ఉమ్మేసిన ముసలాయన్ను చూశావు కదా?"

"చూశాను. అందుకే అడుగుతున్నా. ధర్మవరంలో ఆ ఒక్క బొమ్మ మూట విప్పొద్దు సార్. ఒక్కరోజు. ఆ పిల్ల పెళ్ళి అయిపోనీండి. తెలిస్తే రంగప్ప చీర తీసుకోడు. ఊరంతా చెప్తాడు. ఓబులేసు మగ్గం మీద రోగం నేస్తాడంటారు. వాడు ఇంక తలెత్తుకోలేడు."

చీర ఒక్కటే అయితే బహుశా ఒప్పుకునేవాడిని. పురుగులు కొన్ని లావుగా, కొన్ని సన్నంగా పెరిగాయన్న మాట నన్ను వదలలేదు. గంటు రోగం మొదట కనబడేది అట్లాగే. ఆ విత్తనంలోనే రోగం ఉంటే, సాకమ్మ దాన్ని స్వయంగా మోసుకెళ్ళి అత్తగారింటి తొలిపంటలో పెడుతుంది. పంట పోతుంది. కొత్తకోడలు తెచ్చిన విత్తనం ఇల్లు ముంచిందన్న మాట ఆమెకు జీవితాంతం ఉంటుంది. ఈ సంగతి వెంకోబరావుకు చెప్పాను.

"ఉంటే కదా సార్. ఆకు లేక కూడా అట్లా అవుతుంది కదా?"

"అవుతుంది. చూస్తే తప్ప తెలియదు. చూస్తానంటే ఏం చూస్తావని అడుగుతారు. అప్పుడు ఆ బొమ్మ చూపించక తప్పదు."

అతను మళ్ళీ కిటికీ వైపు తిరిగాడు. ఎదురుగా కూర్చున్న ఇమాం సాబు మా ఇద్దరినీ మార్చి మార్చి చూసి, చెనక్కాయల పొట్లం విప్పి మధ్యలో పెట్టాడు. ఎవరమూ ముట్టలేదు.

పెనుకొండ

కొండకిందే స్టేషను. కొండంతా కోటగోడ. ఒకప్పుడు రాజులు వేసవికి వచ్చి ఉన్న ఊరట. ఇప్పుడు వేసవి ఫిబ్రవరిలోనే వచ్చేస్తుందని జట్కా అతను చెప్పాడు. దర్గాకు వెళ్ళేవాళ్ళలో బొట్టు పెట్టుకున్న ఆడవాళ్ళే ఎక్కువ కనబడ్డారు. ఇమాం సాబు కూడా వెళ్ళి చక్కెర తెచ్చి మా చేతుల్లో పెట్టాడు. "మీ ఇద్దరి మధ్య సఖ్యత కోసం" అన్నాడు. వెంకోబరావు తినేశాడు. నేను కాగితంలో పొట్లం కట్టి జేబులో వేసుకున్నాను.

బడి హాల్లో బొమ్మలు పెట్టాము. ఊరివాళ్ళు బాగానే వచ్చారు. చెంప లోపలి పొర కణాల బొమ్మ ముందు ఒక అవ్వ చాలాసేపు నిలబడింది.

"ఇది మనిషి చెంపనా సారూ?"

"అవునమ్మా, లోపలివైపు."

"అట్లనా? మరి ముడతలు యాడ? నా చెంప చూసి గీసుంటే ఇంకో గోడ కావాల్సొచ్చేది మీకు."

హాలంతా నవ్వింది. వెంకోబరావు కూడా నవ్వాడు, మంగళవారం తర్వాత మొదటిసారి. బడి పంతులుగారింట్లో మధ్యాహ్నం రాగిసంగటి, ఊరుబిండి పచ్చడి పెట్టారు. మా వైపు జొన్నరొట్టె తినేవాళ్ళకు సంగటి మింగడం చేతకాదు. నమలబోయాను. "నమలకూడదు సార్, జార్చాలి" అని పంతులుగారి భార్య లోపలి నుంచి కేక వేసింది. సాయంకాలానికని ఆమె కట్టి ఇచ్చిన చిత్రాన్నం మూటను కోట వాకిలి దగ్గర కోతి ఎత్తుకుపోయింది. గోడ మీద కూర్చుని చెనక్కాయ పలుకులు ఏరుకుని తిని, అన్నం మా మీదికి విసిరింది.

మనసు మాత్రం ధర్మవరంలోనే ఉంది. కోట మెట్ల మీద కూర్చుని ముగ్గురమూ ఒక నిర్ణయానికి వచ్చాము. మార్గం చూపింది ఇమాం సాబు.

"ముందు ఓబులేసుకు చెప్పండి. నేసినోడికి తెలియకుండా కొనేటోనికి చెప్పడం న్యాయం కాదు. కొనేటోనికి అసలే చెప్పకపోవడం అంతకన్నా అన్యాయం."

బొమ్మ మూట విప్పాలని, చీటీ ఉండాలని నేను. ఓబులేసుతో తానే చెప్తానని వెంకోబరావు.

ధర్మవరం

గురువారం పొద్దున. ఓబులేసు ఇల్లున్న వీధిలో నడుస్తుంటే రెండువైపులా మగ్గాల చప్పుడే. వీధి పొడవునా రంగు రంగుల పడుగు దారాలు సాగదీసి ఉన్నాయి. వాటి కింద మేకలు దూరకుండా ఒక ముసలమ్మ కర్రతో కాపలా కూర్చుంది. మా ఊళ్ళో వీధి నడవడానికి. ఇక్కడ వీధి మగ్గంలో ఒక భాగం. మేమే గోడవారగా ఒదిగి నడిచాము.

ఓబులేసు సన్నటి మనిషి, నలభై దాటాయి. వెంకోబరావును చూడగానే మగ్గం గుంటలోంచి లేచి వచ్చి భుజం మీద చరిచాడు. "ఏమబ్బా, నీ మొగ్గలు పూసినాయి చూడురా!" అంటూ లోపలికి పిలిచాడు. భార్య నారాయణమ్మ చాప మీద తెల్లగుడ్డ పరిచి చీర విప్పింది.

వంకాయ రంగు నేల. ఒళ్ళంతా జరీ మొగ్గలు, గుండ్రటి గుంపులుగా. కొంగు దగ్గర అవి చిక్కబడి, ఒకదాని మీద ఒకటి ఎక్కి, నేల కనబడకుండా అయ్యాయి. రోగం ముదిరిన పేగు సరిగ్గా అట్లాగే ఉంటుంది. వెంకోబరావు గీసింది ఒక ముక్క మాత్రమే. అది ఎట్లా పెరుగుతుందో ఓబులేసు తనంతట తాను ఊహించుకుని నేశాడు. 

"ఎట్లుండాది సారూ?" అంది నారాయణమ్మ.

"చాలా బాగుందమ్మా" అన్నాను. నిజమే చెప్పాను.

ఆ బొమ్మ దేనిదో వెంకోబరావు చెప్పాడు. నిలబడే, ఒక్క గుక్కలో.  పక్కింటి మగ్గం ఆడుతూనే ఉంది.

ఓబులేసు ముందు నవ్వాడు. తమాషా అనుకున్నాడు. తర్వాత నా మొహం చూశాడు.

"ఒరేయ్ వెంకోబా. పట్టును తినేసే రోగాన్ని పట్టు మీద నేయిస్తివా నా చేత?"

"అందంగా ఉందని ఇచ్చినాను రా."

"అందంగా ఉంటే పామును మెడలో ఏసుకుంటావా?"

నారాయణమ్మ చీరను మడిచేసింది, ఎవరో దాన్ని లాక్కుంటారన్నట్టు. "ఇన్నాళ్ళు నేను గూడా కూర్చొని దారం కండెలు చుట్టినాను. దీనికి పసుపు పెట్టినాను, దండం పెట్టినాను. ఇప్పుడు రోగమంటాండారు. దీన్ని ఏమని చూడల్ల ఇంక?" అంది.

ఓబులేసు మగ్గం గుంట అంచున కూలబడ్డాడు. "రంగప్పకు చెప్పొద్దు" అన్నాడు. "పెండ్లి కానీండి. చీరకు రోగముంటాదా? జరీ, పట్టు. కట్టుకుంటే ఎవురు చస్తారు?"

"చీర కట్టుకుంటే ఏమీ కాదు. ఆమె మోసుకెళ్ళే విత్తనం సంగతే నేను అడిగేది" అన్నాను. మొత్తం వివరించాను. విని తల వంచుకున్నాడు. 

నేతగాళ్ళ సంఘం హాలు వసారాలో బొమ్మలు పెట్టాము. ఆ ఊళ్ళో జనం మా బొమ్మలను చూసినట్టు ఎక్కడా చూడలేదు. చీటీలు చదివినవాళ్ళు తక్కువ. దగ్గరికి వెళ్ళి, వేలితో గాలిలో గీతలు గీసుకుంటూ, ఇది ఎన్ని దారాల్లో వస్తుందని వాదించుకున్నారు. మరో వేళ అయితే వెంకోబరావు పొంగిపోయేవాడు. వాకిలి వైపే చూస్తూ నిలబడ్డాడు.

ఎండ వాలుతున్న వేళ రంగప్ప, సాకమ్మ వచ్చారు. వాళ్ళ వెనకే ఓబులేసు, చంకలో చీర మూటతో. సాకమ్మ చేతిలో మూత ఉన్న వెదురుబుట్ట. గుడ్ల కాగితం అందులో ఉందని, దాన్ని పట్టుకున్న తీరు చూస్తేనే తెలిసింది.

ఆమె నేరుగా మొగ్గల బొమ్మ దగ్గరికి వెళ్ళింది. మొహం విప్పారింది. "నాయనా, చీరలో చూసింది ఇదే" అంది. నేను చెప్పబోయేలోగా, కిందికి వంగి చీటీ చదవడం మొదలుపెట్టింది. బడిలో కన్నడం చదువుకున్న పిల్ల. తెలుగు అక్షరాలు కూడబలుక్కుంటూ, వేలు పెట్టి, పైకి చదివింది. రెండో మాట దగ్గర వేలు ఆగిపోయింది.

"ఏమని ఉండాదే?" అన్నాడు రంగప్ప.

 నేను చెప్పాను.

రంగప్ప బొమ్మ వైపు ఒకసారి, ఓబులేసు చంకలోని మూట వైపు ఒకసారి చూశాడు. గొంతు పెంచలేదు.

"ఏమప్పా ఓబులేసూ. నా బిడ్డ మీద నీకేం పగ?"

"నాకు ఈ పొద్దే తెలిసిందన్నా. నా బిడ్డల మీద ఒట్టు."

"తప్పు నాది. ఇచ్చింది నేను" అన్నాడు వెంకోబరావు, ముందుకు వచ్చి. "ఓబులేసుకు నేను చెప్పలేదు."

"మీరు చదువుకున్నోళ్ళు. మీకు రోగం గూడా బొమ్మే" అన్నాడు రంగప్ప. "ఆ చీర నాకొద్దు. పాత చీరతోనే పెండ్లి చేస్తా." కూతురి చెయ్యి పట్టుకున్నాడు.

చుట్టూ జనం చేరారు. ఓబులేసు మూటను రెండు చేతులతో గుండెకు అదుముకుని నిలబడ్డాడు. అప్పుడే అడగాలి, ఇంక వేళ లేదు. అడిగాను. బుట్టలోని తల్లిచిలుకలను ఒకసారి సూక్ష్మదర్శినిలో చూడనివ్వమన్నాను.

అంతవరకు అణచుకున్న కోపమంతా అప్పుడు బయటపడింది. "నాలుగు తరాల విత్తనం! దాన్ని అనుమానిస్తావా? చీరను చెడగొట్టింది చాల్లేదా, విత్తనాన్ని గూడా అంటావా?"

"చూస్తే పోయేదేముండాది నాయనా?" అంది సాకమ్మ, మెల్లగా.

"పేరు పోతాది! పెండ్లికొడుకు వాళ్ళకు తెలిస్తే ఏమంటారు, రోగమున్న ఇంటి పిల్ల అనరా?"

"లేకుంటే మంచిదే గదా. ఉండి, తెలీకుండా తీసకపోతే అప్పుడేమంటారు?"

రంగప్ప కంబళి భుజం మీదికి లాక్కున్నాడు. ఆయన సరేనన్నా ఆ వేళ చూడలేను. నా సూక్ష్మదర్శినికి అద్దం మీద పడే ఎండే దీపం. ఎండ అప్పటికే గోడ దాటిపోయింది. "రేపు పొద్దున ఎండ రాగానే ఇక్కడే ఉంటాను" అన్నాను. వాళ్ళ బస్సు కూడా పొద్దున్నే అని విన్నాను. తండ్రీకూతుళ్ళు సత్రం వైపు వెళ్ళిపోయారు. ఓబులేసు మూటతో ఇంటికి వెళ్ళాడు. జేబులోని పెనుకొండ చక్కెర పొట్లం చేతికి తగిలింది. అప్పుడు విప్పి తిన్నాను.

మరునాటి ఉదయం

శుక్రవారం. ఎండ వసారా మెట్టు మీదికి రాగానే సూక్ష్మదర్శిని బల్ల మీద పెట్టి, అద్దం సరిచేశాను. వెంకోబరావు చిన్న కల్వం కడిగి పెట్టాడు. బస్సు హారను రెండుసార్లు వినిపించింది. ముగ్గురమూ రోడ్డు వైపు చూడకుండా కూర్చున్నాము.

సాకమ్మ వచ్చింది. నాలుగడుగుల వెనక రంగప్ప. ఆయన మెట్టు ఎక్కలేదు, వసారా స్తంభానికి వీపు ఆనించి రోడ్డు వైపు తిరిగి నిలబడ్డాడు. కాసేపటికి చీర మూటతో ఓబులేసు, నారాయణమ్మ కూడా వచ్చి దూరంగా నిలబడ్డారు.

సాకమ్మ బుట్ట మూత తీసింది. కాగితం మీద ఆవగింజల్లాంటి గుడ్లు, గుండ్రటి మచ్చలుగా. మడిచిన అంచుల్లో ఎండిన తల్లులు. ఏ తల్లి ఏ మచ్చదో చెప్పగలిగే విత్తనం ఎవరి దగ్గరైనా ఉంటుందని నేను అనుకోలేదు. మొదటిదాన్ని తనే తీసి నా చేతిలో పెట్టింది. చుక్కనీటితో కల్వంలో నూరి, గాజుపలక మీద వేసి చూశాను. రెక్కల పొట్టు, కొవ్వు బిందువులు. ఇంకేమీ లేదు. చాలాసేపు వెతికాను.

"ఇందులో లేదమ్మా."

స్తంభం దగ్గర రంగప్ప గట్టిగా ఊపిరి వదిలాడు. "చెప్పలేదా" అన్నాడు, ఎవరితోనో అన్నట్టు.

రెండోదాన్ని నూరి, పలక పెట్టి, మర తిప్పాను. తల ఎత్తి ఏదో చెప్పబోయాను. సాకమ్మ నా మొహం చూసింది.

"నేను చూడొచ్చునా సారూ?"

జరిగాను. ఒక కన్ను చేత్తో మూసుకుని వంగింది. మొదటిసారి చూసేవాళ్ళకు సాధారణంగా తమ కనురెప్ప వెంట్రుకలే కనిపిస్తాయి. ఏం చూడాలో చెప్పాల్సి వస్తుంది. ఆమెకు నేను ఒక్క మాటా చెప్పలేదు. వంగినది వంగినట్టే ఉండిపోయింది.

"నాయనా" అంది. "నా చీర."

రంగప్ప మెట్టు ఎక్కాడు. చూడనని తల అడ్డంగా ఊపి, తర్వాత చూశాడు. కంబళి కొంగుతో కన్ను తుడుచుకుని మళ్ళీ చూశాడు.  కాగితాన్ని అరచేతుల్లోకి తీసుకుని, బంతిలా చుట్టబోయి ఆగాడు. నారాయణమ్మ దగ్గరికి వెళ్ళి, "పొయ్యి రాజుకుందా అమ్మా?" అని అడిగాడు. మొదటి తల్లి గుడ్లయినా ఉంచుకోవచ్చేమోనని వెంకోబరావు నా చెవిలో అన్నాడు. ఒకే తట్టలో కలిసి పెరిగినవి, ఉంచకూడదని చెప్పాను. రంగప్ప విన్నాడు. తల ఊపి, నారాయణమ్మ వెంట వెళ్ళాడు. తల్లులను కూడా బిడ్డలతోపాటే తీసుకుపోయాడు.

ఆయన తిరిగి వచ్చేసరికి చేతులకు బూడిద ఉంది. "అత్తగారింటికి ఉత్త చేతులతో ఎట్ల పంపేది నిన్ను?" అన్నాడు కూతురితో.

సాకమ్మ ఓబులేసు వైపు తిరిగింది. "చీర ఇయ్యి మామా."

"వద్దు తల్లీ. మీ నాయన..."

"ఈ చీర చూసుంటేనే గదా దాన్ని గుర్తుపట్టింది. వాళ్ళు కొత్తగా మేపేవాళ్ళు. గంటు ఎట్లుంటాదో వాళ్ళకు నేను కాకుంటే ఎవరు చూపిస్తారు?" తండ్రి వైపు చూసింది. "విత్తనం పరీక్ష చేసిందే కొందాం. మొదటి మాట అదే చెప్తా ఆడికి పోయినాక."

రంగప్ప ముందుకు వచ్చాడు. ఓబులేసు చేతుల్లోంచి మూటను తనే తీసుకుని, బూడిద అంటకుండా మణికట్ల మీద పెట్టుకుని, కూతురికి అందించాడు. గుడ్ల కాగితం ఉండిన బుట్టలో ఆమె దాన్ని సర్దింది. మూత పెట్టబోయి ఆగి, గోడ దగ్గరికి వెళ్ళింది.

"ఈ చీటీ గూడా ఇస్తారా సారూ?"

ఇమాం సాబు మేకు పీకి ఇచ్చాడు. చీటీని చీర మడతలో పెట్టుకుని, ఆమె తర్వాతి బస్సు కోసం రోడ్డు మీదికి నడిచింది. తండ్రి ఈసారి పక్కనే నడిచాడు.

అప్పటికే నేతగాళ్ళు రావడం మొదలయింది. మొగ్గల బొమ్మ కింద ఖాళీగా ఉంది. నేను పెట్టె తెరిచి అట్టముక్క కోసం వెతుకుతుంటే, వెంకోబరావు అప్పటికే మెట్టు మీద కూర్చున్నాడు. ఒళ్ళో అట్ట, చేతిలో తన లావు కుంచె. వసారా అవతలి నుంచి కూడా కనబడేంత పెద్ద అక్షరాలతో, మొదటి మాట రాస్తున్నాడు.